బడిదారికి ఏ మ్యాపు మేలు?

ఫోనులో దారి చూపే యాప్‌లు ఎన్నో. సైకిల్‌పై తెలుగు బడికి వెళ్లే పిల్లల కోసం వాటిలో దేన్ని ఎంచుకోవాలి?

పక్క వీధిలోనే బడి ఉన్న పిల్లలకు మ్యాపుతో పని లేదు. మన పిల్లల సంగతి అలా కాదు. హోసూరు చుట్టుపక్కల కానీ, బరంపురంలో కానీ, షోలాపూర్‌లో కానీ ఇంటికి దగ్గర్లో కనిపించే బడి సాధారణంగా ఆ రాష్ట్ర భాషది. తెలుగు బడి మరో పేటలోనో, పక్క ఊళ్లోనో ఉంటుంది. ప్రాథమిక బడి 1 కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్ల లోపు ఉండాలని విద్యాహక్కు చట్టం నమూనా నియమాలు చెబుతున్నాయి. ఆ దూరం బడికి కట్టిన లెక్కే కానీ, ఆ బడిలో ఏ భాషలో పాఠం చెబుతారన్న దానికి కట్టిన లెక్క కాదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సదుపాయాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం అంటోంది. ఆ సదుపాయం దాకా వెళ్లే దారిని మాత్రం మనమే చూసుకోవాలి.

ఐదో తరగతి వరకూ చేయి పట్టుకుని దింపి వచ్చిన అమ్మానాన్నలే, పై తరగతికి వచ్చేసరికి 'అంత దూరం రోజూ ఎలా పంపేది?' అని వెనకాడతారు. చివరికి పిల్లను దగ్గర్లోని మరో మాధ్యమం బడికి మారుస్తారు. అలాంటి ఇళ్లలో తెలుగు చదువు ఆగేది తెలుగంటే ఇష్టం లేక కాదు, దారి కుదరక. తమిళనాడులో పదకొండో తరగతి విద్యార్థులకు సైకిళ్లిచ్చే పథకం ఉంది. కర్ణాటకలో 2006-07లో ఎనిమిదో తరగతి పిల్లలకు అలాంటి పథకమే మొదలైంది. సైకిల్ ఎలాగో సమకూరినా, దాన్ని ఏ దారిన తొక్కాలన్నది ఇంట్లోనూ బడిలోనూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం. అందుకు ఫోనులోని మ్యాపు సాయపడుతుంది. అయితే అన్ని మ్యాపులూ ఒకటి కావు.

ఫోను పిల్లల చేతిలో ఉండదు

ఎంపికకు ముందు ఒక సంగతి గుర్తుంచుకుందాం. చాలా బళ్లలో పిల్లలు ఫోను తేకూడదు. తెచ్చినా సైకిల్ తొక్కుతూ తెర చూడడం ప్రమాదం. కాబట్టి 'ఎడమకు తిరగండి, కుడికి తిరగండి' అని చెప్పే గొంతు ఎంత బాగుందన్నది మనకు ముఖ్యం కాదు. పెద్దవాళ్లం ముందుగా కూర్చుని దారి గీసుకోవాలి, అవసరమైన చోట మార్చుకోవాలి, దాచుకోవాలి, నలుగురికీ పంచాలి, కాగితం మీద అచ్చు తీయాలి. పిల్లలు ఆ దారిని కంఠస్థం చేసుకుని తొక్కాలి. ఈ పనులకు వీలిచ్చేదే మనకు పనికొచ్చే మ్యాపు. కార్లవాళ్లకు బాగా నచ్చిన యాప్ మనకు అంతగా పనికిరాకపోవడానికి కారణం ఇదే.

దగ్గర దారి, మంచి దారి

సాఫ్ట్‌వేర్ దారి వెతికేటప్పుడు ప్రతి రోడ్డు ముక్కకూ ఒక 'ఖర్చు' వేస్తుంది. అన్ని ముక్కల ఖర్చూ కలిపితే ఏ దారికి తక్కువ వస్తుందో దాన్నే చూపిస్తుంది. కారు కోసం అడిగితే ఆ ఖర్చు సమయం. వేగంగా పోయే రోడ్డు చవక, సందు ఖరీదు. సైకిల్ కోసం అడిగితే లెక్క తిరగబడాలి. లారీలు తిరిగే పెద్ద రోడ్డు ఖరీదు కావాలి, ఊరి మధ్య నుంచి పోయే నిదానమైన రోడ్డు చవక కావాలి. హోసూరులో 44వ నంబరు జాతీయ రహదారి, షోలాపూర్‌లో 65, బరంపురం దగ్గర 16, యానాంలో 216 నంబరు రహదారులు ఇలాంటి చోట్లే. దూరం 1 కిలోమీటరు తగ్గుతుందని పిల్లలను అలాంటి రోడ్డెక్కించే దారి మనకు వద్దు.

పెద్ద రోడ్డు దాటే చోటు అంతకన్నా ముఖ్యం. మధ్యలో డివైడర్ ఉంటే యాప్ వన్‌వే నియమం పాటించి దూరంగా ఉన్న యూటర్న్ దాకా తీసుకెళ్తుంది. పిల్లలు అంత దూరం పోకుండా ఎదురు దారిలో తొక్కుతారు. అందుకే దారి గీసేటప్పుడు అండర్‌పాస్ ఎక్కడుంది, సిగ్నల్ ఎక్కడుంది, రైల్వే గేటు ఎన్ని గంటలకు పడుతుంది అన్నవి మొదట చూడాలి. రోడ్డు దాటే చోటు ఖాయమైతే మిగతా దారి దానికి తగ్గట్టు కుదురుతుంది.

గూగుల్ మ్యాప్స్ ఎంతవరకు?

దాదాపు అందరి ఫోనుల్లోనూ ఉండేది ఇదే. చిరునామా వెతకడానికి, దుకాణమో ఆసుపత్రో కనుక్కోవడానికి బాగుంటుంది. 2017 డిసెంబరులో మన దేశంలో ద్విచక్ర వాహనాల మోడ్ కూడా వచ్చింది. అయితే అది మోటార్ సైకిల్ కోసం. ఆ మోడ్‌లో దారి అడిగితే మోటారు బండి వేగానికి తగిన రోడ్డే వస్తుంది. మీ ఊళ్లో సైకిల్ గుర్తు కనిపించకపోతే నడక మోడ్ వాడదామనిపిస్తుంది. అది వన్‌వేలను పట్టించుకోదు, మెట్ల దారిలోకీ తీసుకెళ్లొచ్చు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడం వరకూ మంచిదే.

ఇంకో చిక్కు ఉంది. గూగుల్ మ్యాపును ఆఫ్‌లైన్‌లో దించుకుంటే కారు దారి మాత్రమే చూపిస్తుంది. నెట్ లేనప్పుడు నడక దారి, సైకిల్ దారి ఇవ్వదు. సిగ్నల్ అందని కొండ ప్రాంతాల్లో, డేటా ప్యాక్ నెలాఖరుకు అయిపోయే ఇళ్లలో ఇది చిన్న లోపం కాదు.

అందరూ గీసిన మ్యాపు

2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే ఆయన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను మొదలుపెట్టారు. వికీపీడియాలో వ్యాసాలు రాసినట్టే ఇందులో ఎవరైనా తమ ఊరి రోడ్లు, బాటలు, బళ్లు, చెరువులు గుర్తించవచ్చు. ఈ సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దీని మీద ఆధారపడి నడిచే యాప్‌లు చాలా ఉన్నాయి. మనకు పనికొచ్చేవి మూడు.

ఆర్గానిక్ మ్యాప్స్: మ్యాప్స్‌.మీ అనే పాత యాప్ చేతులు మారాక, దాని తొలి రూపకర్తలు విడిగా తెచ్చిన యాప్ ఇది. ప్రకటనలు లేవు, రుసుము లేదు, ఖాతా తెరవనక్కర్లేదు. రాష్ట్రం మ్యాపును ఒకసారి వైఫై ఉన్న చోట దించుకుంటే తరవాత నెట్ లేకుండానే సైకిల్ దారి చూపుతుంది. మట్టిరోడ్లు వద్దని చెప్పవచ్చు. ఫోనుల గురించి అంతగా తెలియని తల్లిదండ్రులకు ఇది తేలిక.

ఓస్మ్‌అండ్: ఇందులో ఎంపికలు ఎక్కువ, నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి. సైకిల్ మోడ్‌లో మెట్లు, మట్టిరోడ్లు, పడవ రేవులు తప్పించమని అడగవచ్చు. ఫలానా రోడ్డు మీద వేలు నొక్కి పట్టి 'ఇది వద్దు' అని గుర్తు పెట్టవచ్చు. మ్యాపు మీద పేర్లు తెలుగులో చూపమని కూడా కోరవచ్చు. ప్లే స్టోర్‌లోని ఉచిత రూపంలో దించుకునే మ్యాపుల సంఖ్యకు పరిమితి ఉంది. మనకు కావలసింది ఒకటి రెండు రాష్ట్రాలే కాబట్టి ఇబ్బంది ఉండదు.

బీరౌటర్: దీన్ని బడి కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి వాడుకోవచ్చు. ఇల్లు, బడి రెండు చుక్కలు పెడితే దారి గీస్తుంది. ఆ గీతను మౌస్‌తో లాగి మనకు కావలసిన వీధిలోకి మళ్లించవచ్చు. రహదారి కూడలి చుట్టూ గీత గీసి 'ఇటు పోవద్దు' అంటే ఆ చోటు తప్పించి మరో దారి వెతుకుతుంది. దారిలో ఎత్తుపల్లాలను కింద బొమ్మగా చూపిస్తుంది. దారి గీసే ఉపాధ్యాయులకు మేము ముందుగా చెప్పేది దీని గురించే.

స్ట్రావా, కొమూట్, రైడ్ విత్ జీపీఎస్ వంటి పేర్లు కూడా వినిపిస్తాయి. అవి వ్యాయామానికో, దూరయాత్రలకో సైకిల్ తొక్కేవారి కోసం చేసినవి. వాటిలో కొన్ని సౌకర్యాలకు డబ్బు కట్టాలి. బడిదారికి ఆ ఖర్చు అవసరం లేదు.

రెండు రాష్ట్రాల మ్యాపులూ కావాలి

మనలో చాలామంది ఊళ్లు సరిహద్దుల మీదే ఉన్నాయి. యానాం పుదుచ్చేరిది, కానీ చుట్టూ ఆంధ్రప్రదేశ్. పావగడ కర్ణాటకది, కానీ దాని చుట్టూ ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశే. సిరొంచ మహారాష్ట్రది, నది దాటితే తెలంగాణ. ఆఫ్‌లైన్ యాప్‌లలో మ్యాపులు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఒక రాష్ట్రం మ్యాపే దించుకుంటే దారి సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, లేదా ఈ వైపు నుంచే చుట్టు తిప్పుతుంది. ఇలాంటి ఊళ్లవాళ్లు రెండు వైపుల మ్యాపులూ దించుకోవాలి.

ఎత్తులు, వానలు

యానాంలో నేల చదును. అక్కడ 5 కిలోమీటర్లు తొక్కడం వేరు, పర్లాకిమిడి, రాయగడ వైపు కొండల మధ్య 5 కిలోమీటర్లు తొక్కడం వేరు. 1 కిలోమీటరులో 50 మీటర్లు పైకెక్కితే అది 5 శాతం ఎత్తు. గేర్లు లేని సైకిల్‌పై పుస్తకాల సంచితో వెళ్లే పిల్లలకు అది దిగి తోసుకుంటూ పోవలసిన దారే. కాబట్టి ఎత్తులు చూపని యాప్‌తో కొండ ఊళ్లలో దారి తేల్చకూడదు.

ఈ ఎత్తుల లెక్క ఎక్కడిది? చాలా యాప్‌లు 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక రాడార్‌తో 11 రోజుల పాటు కొలిచిన సమాచారం వాడతాయి. అందులో నేల ఎత్తే ఉంటుంది కానీ వంతెన ఎత్తు ఉండకపోవచ్చు. అందుకే యానాం-ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి లాంటి పొడవైన వంతెన మీది దారిని ఇలాంటి బొమ్మలో చూస్తే గోదావరి నీటి మట్టానికి దిగి మళ్లీ పైకెక్కినట్టు కనిపించవచ్చు. అది చూసి కంగారుపడనక్కర్లేదు. వంతెనల దగ్గర బొమ్మను కాదు, కళ్లను నమ్మాలి.

బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లో తుంగభద్ర కాలువ గట్లు మ్యాపులో చక్కని నేరు దారుల్లా కనిపిస్తాయి. వాహనాలు తక్కువ కాబట్టి సైకిల్ మోడ్ వాటినే ఎంచుకోవచ్చు. ఎండాకాలంలో సరే, వానలు పడితే నల్లరేగడి మట్టి చక్రానికి చుట్టుకుని సైకిల్ కదలదు. గట్టు పక్కన నీళ్లు కూడా ఉంటాయి. ఏ యాప్‌కూ రుతువులు తెలియవు. అందుచేత ప్రతి బడికీ వానాకాలం దారి, ఎండాకాలం దారి అని రెండు గీసి పెట్టుకోవాలని మా సలహా. సందె చీకట్లలో ఇంటికి వచ్చే ఆడపిల్లల దారిలో వీధి దీపాలు, తెరిచి ఉండే దుకాణాలు ఉన్నాయా అన్నది కూడా మనమే చూడాలి. మనుషులు తిరగని అడ్డదారి కన్నా మనుషులున్న చుట్టుదారే నయం.

యాప్ చెప్పే సమయాన్ని కూడా కాస్త పెంచి చదువుకోవాలి. అది పెద్దవాళ్ల వేగం. సంచి బరువుతో, గుంపుగా వెళ్లే పిల్లలకు గంటకు 10 కిలోమీటర్ల లెక్క వేసుకోవడం మంచిది. 5 కిలోమీటర్లకు అరగంట, గేటు పడితే ఇంకో 10 నిమిషాలు.

పిల్లల అడుగులు ఎవరు చూస్తున్నారు?

స్ట్రావా యాప్ తన వాడకందారులు తిరిగిన దారులన్నీ కలిపి 2017 నవంబరులో ఒక వెలుగుల పటం విడుదల చేసింది. పేర్లు లేవు, గీతలే. అయినా ఎడారుల్లోని సైనిక స్థావరాల ఆకారాలు అందులో బయటపడ్డాయని 2018 జనవరిలో ప్రపంచమంతా గుప్పుమంది. సైనికులకే అలా అయితే, రోజూ ఒకే వేళకు ఒకే ఇంటి నుంచి బయలుదేరే పిల్ల గీత ఎంత చెప్పేస్తుందో ఆలోచించండి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. చట్టం ఉన్నా జాగ్రత్త మనదే. పిల్లల పేరుతో ఖాతా తెరవాలనే యాప్ బడిదారికి వద్దు. దారిని గ్రూపులో పంచేటప్పుడు ఇంటి గుమ్మం నుంచి కాకుండా వీధి మొదట్లోని గుడి దగ్గర నుంచో, బస్టాపు దగ్గర నుంచో మొదలుపెట్టండి. పిల్లలు ఎక్కడున్నారో తెలియాల్సిన రోజు వస్తే, తోడు వెళ్లే పెద్దవారి ఫోను నుంచి వాట్సాప్ లైవ్ లొకేషన్ గంట సేపు పంపితే చాలు, గడువు కాగానే అదే ఆగిపోతుంది.

దారి మన దగ్గరే ఉండాలి

యాప్‌లు చేతులు మారతాయి. కొమూట్‌ను 2025లో ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ కొనుక్కుంది. యజమాని మారితే ధర మారవచ్చు, నిబంధనలు మారవచ్చు. అందుకే గీసుకున్న దారిని జీపీఎక్స్ ఫైలుగా దాచుకోవాలి. ఇది 2002 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి. దారిలోని ఒక్కొక్క చుక్కకు అక్షాంశం, రేఖాంశం రాసి ఉన్న చిన్న ఫైలు, అంతే. బీరౌటర్‌లో గీసి జీపీఎక్స్‌గా దించుకుంటే వాట్సాప్‌లో పంపవచ్చు. దాన్ని ఓస్మ్‌అండ్‌లోనూ, ఆర్గానిక్ మ్యాప్స్‌లోనూ తెరవవచ్చు. జీపీఎక్స్‌గా బయటికి ఇవ్వని యాప్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

కాగితం కోసమైతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెబ్‌సైటులో షేర్ గుర్తు దగ్గర పటాన్ని బొమ్మగా దించుకోవచ్చు. దాని మీద దారిని ఎర్ర పెన్నుతో గీసి జిరాక్సు తీయండి. మ్యాపు ఎవరిదో తెలిపే మాటను మాత్రం చెరపకండి, వాడుకునేందుకు అది ముఖ్యమైన షరతు. గోడకు పెద్ద పటం కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాలు ఉన్నాయి. అందులో 2 సెంటీమీటర్లు అంటే నేల మీద 1 కిలోమీటరు. స్కేలు పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పేరు తెలుగులో రాయించేది మనమే

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి ఊరికీ, బడికీ, వీధికీ ఎన్ని భాషల్లోనైనా పేర్లు రాయడానికి విడివిడిగా గడులుంటాయి. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ పేర్లను చెరపకుండా వాటి పక్కనే తెలుగు పేరు చేర్చవచ్చు. ఎవరూ చేర్చకపోతే యాప్‌లో తెలుగు ఎంచుకున్నా ఆ చోట తెలుగు కనిపించదు. మన పేటను మన ఇళ్లలో ఏమని పిలుచుకుంటారో మనకే తెలుసు, కాబట్టి రాయవలసింది మనమే.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఇది చక్కని పని. తమ దారిలో ఎక్కడ తారు ఉంది, ఎక్కడ మట్టి, కల్వర్టు ఎక్కడ కూలింది, మంచినీళ్ల కుళాయి ఎక్కడ ఉంది అని వాళ్లు నోటు పుస్తకంలో రాసుకు రావాలి. ఉపాధ్యాయులు తమ ఖాతాతో మ్యాపులో చేర్చాలి. స్ట్రీట్‌కంప్లీట్ అనే ఆండ్రాయిడ్ యాప్ 'ఈ రోడ్డు ఎలాంటిది?' లాంటి చిన్న ప్రశ్నలు అడిగి జవాబులను నేరుగా మ్యాపులో చేరుస్తుంది. ఒకే నియమం: కళ్లతో చూసిందీ, సొంతంగా తెలిసిందీ రాయాలి. గూగుల్ మ్యాపులో చూసి ఎక్కించకూడదు. ఈ రోజు పిల్లలు 'మట్టిరోడ్డు' అని గుర్తించిన బాటను, మ్యాపు తాజా అయ్యాక మట్టిరోడ్లు వద్దన్న ప్రతి ఒక్కరికీ యాప్ తప్పించి చూపుతుంది. మన సవరణను స్వీకరించే మ్యాపును ఎంచుకోమనడానికి ఇదే ముఖ్య కారణం.

ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు

1. మనకు బాగా తెలిసిన ఐదు చోట్లు వెతికి చూడండి. బడి, చెరువు గట్టు, రైల్వే గేటు, పాత వంతెన, ఇంటి పక్క సందు. ఎన్ని సరిగా ఉన్నాయి?
2. ఫోనులో నెట్ ఆపేసి సైకిల్ దారి అడగండి. వస్తోందా?
3. వద్దనుకున్న రోడ్డును తప్పించగలమా?
4. ఎత్తుపల్లాలు చూపుతోందా?
5. జీపీఎక్స్ ఇస్తోందా?
6. ఖాతా లేకుండా పనిచేస్తోందా?
7. తెలుగులో పేర్లు చూపుతోందా? లేనిచోట మనం చేర్చగలమా?

ఏ యాప్ చూపిన దారినైనా పిల్లలను పంపేముందు ఒక ఆదివారం పెద్దవారొకరు బడివేళకే పిల్లలతో కలిసి తొక్కాలి. ఆ తరవాత బడి నడిచే రోజున, వాహనాల రద్దీలో, మరొక్కసారి. ఒకే వైపు నుంచి వచ్చే నలుగురైదుగురు పిల్లలుంటే వేళ పెట్టుకుని గుంపుగా పంపండి, వారానికొకరు చొప్పున తల్లిదండ్రులు తోడు వెళ్లండి. బార్సిలోనాలో దీన్ని 'సైకిల్ బస్సు' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. దానికి కావలసింది ఒక దారి, ఒక వేళ, తోడు వచ్చే ఒక పెద్దమనిషి.

బళ్లు తెరిచే ముందు జరిగే తల్లిదండ్రుల సమావేశంలో ఫీజులు, పుస్తకాల తరవాత ఒక అరగంట ఈ పనికి కేటాయించమని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాం. ఏ పేట నుంచి ఎంతమంది వస్తున్నారో బోర్డు మీద రాసి, ఒక్కో పేటకు ఒక్కో దారి గీసి, అచ్చు తీసి నోటీసు బోర్డుకు అంటించండి. 'దూరమైపోయిందండీ, పంపలేం' అని చెప్పడానికి వచ్చిన అమ్మకు ఆ కాగితం చేతిలో పెట్టి, అదే దారిన వచ్చే మిగతా పిల్లల పేర్లు కూడా చెప్పండి.